డాక్టర్ సారు కారు కింద

నా చిన్నప్పుడు, నాకు పన్నెండేళ్లు ఉంటాయేమో, ఆ కారు కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి అక్క. గుమ్మంలోంచే అరిచింది.

"ఏయ్, మీ తాత షెడ్డుకాడికి డాక్టర్ సారు కారొచ్చిందే! ఇద్దరే కూసునే కారు. నెత్తి మీద కప్పు గూడ లేదు, బోడి కారు!"

మాది జనగామ. మా తాతయ్య లారీలు బాగుచేసే మేస్త్రీ. నేను బడికి పోలేదు. మా అమ్మమ్మే ఇంట్లో నాకు అక్షరాలు, లెక్కలు, దేవుడి పద్యాలు నేర్పింది. పాఠం అయ్యాక పగలంతా షెడ్డులోనే ఉండేదాన్ని. ఆ చదువూ ఈ చదువూ రెండూ నాకు దక్కించినందుకు ఆ స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆ కారు సారు వయసులో ఉన్నప్పుడు కొన్నది. పందేలకు పరుగెత్తే రకమట. ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉండి, వెనక బరువు మోసే కమాన్ పట్టీలు తుప్పు పట్టి విరిగిపోయాయి. ఈలోగా సారుకు కళ్లు మసకబారడం మొదలైంది. చూపు ఎంతో కాలం నిలవదని పట్నం డాక్టర్లు చెప్పేశారు. చూపున్నప్పుడే ఒక్కసారి ఆ కారును తానే నడపాలని ఆయన కోరిక. కొత్త కమాన్లు, వాటి చివర్లలో కూర్చునే రబ్బరు బుష్షులు సముద్రం దాటి రావడానికి ఏడు నెలలు పట్టింది. వచ్చింది ఒక్క సెట్టు. అవి పాడైతే, ఇంకొకటి వచ్చేసరికి సారుకు రోడ్డు కనిపించదు. అది మా అందరికీ తెలుసు. సారుకు కూడా.

తాతయ్య కారును దిమ్మెల మీద ఎత్తి, వెనక చక్రాలు గాలిలో వేలాడుతుండగా కమాన్లు ఎక్కించాడు. బోల్టులన్నీ చేత్తో తిప్పి వదిలేసి భోజనానికి వెళ్లాడు. పెద్దాయన బిగించడం మరిచిపోయాడనుకున్నాను నేను. పానాకు ఇనుప గొట్టం తొడిగి, దానికి వేలాడి మరీ ఒక్కో బోల్టూ కదలకుండా బిగించాను. ఆయన తిరిగి రాగానే గొప్పగా చెప్పుకున్నాను.

తాతయ్య కారు కిందికి ఒంగి చూశాడు. మొహం మారిపోయింది. నన్ను షెడ్డు మధ్యలో నిలబెట్టాడు.

"కాళ్లు కదపకు. నడుము మాత్రం గా గోడ దిక్కు తిప్పు. ఇంకా తిప్పు. ఆ, గట్లనే నిలవడు. నేను చాయ్ తాగుత."

సగం గ్లాసు కాకముందే నా నడుము పట్టేసింది.

"తాతా, నొస్తుందే!"

"పనేం చేస్తలేవు గద, ఉత్తగ నిలబడ్డవ్. ఎందుకు నొస్తది?" అంటూ నిదానంగా గ్లాసు ఖాళీ చేశాడు. "గా రబ్బరును నువ్వు గిట్లనే నిలబెట్టినవ్ బిడ్డా. బండి గాల్ల ఉన్నప్పుడు కమాను ఒక తీరుంటది, కిందికి దిగి బరువు పడ్డంక ఇంకో తీరుంటది. గాల్లనే బిగిస్తే రబ్బరు ఎప్పటికీ మెలిక మీదనే ఉంటది. బండి ఆగినా దానికి నిమ్మళం లేదు. నెల తిరగకముందే చీల్తది."

సారు కళ్లు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు నాకు.

"ఏడ్వకు. ఇంకా దించలే గద, ఏం చెడలే" అని, నా చేతనే ఆ బోల్టులన్నీ వదులు చేయించాడు.

కారును దించి షెడ్డులోని గుంత మీదికి నెట్టారు. సీట్లలో మనుషుల బరువు కూడా ఉండాలన్నాడు తాతయ్య. సారు తన సీటులో కూర్చున్నారు. రెండో సీటుకు పక్కింటి అక్కను పిలిచాడు.

"నన్ను ఇసుక బస్తా అనుకుంటున్నవా తాతా?"

"బస్తా అయితే నోరు మూసుకొని కూసుంటది బిడ్డా. ఏం చేస్త, దొరకలే!"

సారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకు కారు కూడా ఊగింది.

తాతయ్య నన్ను ముందు గుంతలోకి దింపి, కారు వెనక భాగాన్ని రెండుసార్లు నొక్కి వదిలాడు. టార్చి నా చేతిలో ఉంది. వంపు తిరిగి ఉన్న కమాన్లు ఆ బరువుకు మెల్లగా చదునయ్యాయి. వాటి చివర్లలో బుష్షులు వెంట్రుకవాసి తిరిగి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే తమ చోటు చూసుకొని ఆగాయి. గర్భగుడిలో హారతి ఎత్తినప్పటిలా నా ఒళ్లు జలదరించింది. ఇనుములో కూడా ఇంత ఓర్పు పెట్టాడా ఆ తండ్రి అనుకుంటూ నోరు తెరుచుకొని చూస్తుండిపోయాను.

"చూసినవా? ఇగ బిగియ్యి" అంటూ తాతయ్య దిగి వచ్చి పానా మళ్లీ నా చేతికే ఇచ్చాడు. తప్పు చేసిన ఆ చేతికే.

మర్నాడు పొద్దున సారు ఒక్కరే కారును జఫర్‌గఢ్ దాకా నడిపి వచ్చారు. వచ్చాక చాలాసేపు దిగలేదు. స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చున్నారు. "తొవ్వపొంటి చింతచెట్లన్నీ కనపడ్డయ్ మేస్త్రీ. ఒక్కోటి లెక్కవెట్టుకుంట పోయిన" అన్నారు. ఆ ఏడాది దాటకుండానే ఆయన చూపు పోయింది.

నాకు కోడలు వచ్చినప్పుడు మా ఇంటి పద్ధతులు చెప్పమని అందరూ తొందరపెట్టారు. ఆరు నెలలు నేను ఏమీ చెప్పలేదు. కొత్త ఇంటి బరువు ఆ పిల్ల మీద పడనిచ్చి, ఎక్కడ కుదురుకుంటుందో చూశాను. చూశాక చెప్పాల్సినవి చాలా వరకు మిగలలేదు. ఈ ఓపిక నాది కాదు, ఆ గుంతలో నాకు దొరికింది.

ఊరంతా డాక్టర్ సారు కారు గురించి చెప్పుకున్నారు. దాని కిందికి దూరిన మనిషి గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పుకోలేదు. మీరెప్పుడైనా కుదుపు తెలియకుండా ఊరు చేరి బండి దిగితే, మా తాతయ్యను ఒక్కసారి తలుచుకోండి.