పదిహేడో సమ్మేళనం

తొంభైల చివర్లో సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి లోకల్ రైలు, ఆపైన బస్సు ఎక్కి దక్షిణ కలకత్తాలోని మా ల్యాబుకి వెళ్లేదాన్ని. రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే కొత్త రసాయన సమ్మేళనాలు తయారుచేయడం నా పరిశోధన. చేసిన ప్రతిదానికీ ఒక నంబరు. పదిహేడోది నిమ్మపండు రంగు స్ఫటికాలుగా దిగింది.

అప్పుడే, అదే రైలు దారిలో టికియాపారాలో ఉండే మా పిన్నికి రొమ్ము ఆపరేషన్ అయింది. క్యాన్సర్ ఇంజెక్షన్ల కోసం కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది. జుట్టంతా ఊడిపోయి తలకి తువ్వాలు చుట్టుకునేది.

"ఏటే, పొద్దస్తమానం అక్కడ ఏటి వండుతుంటావు?" అని అడిగింది ఒకరోజు.

"మందు పిన్నీ. మందవుతుందో లేదో ఇంకా తెలీదు."

చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో క్యాన్సర్ కణాలు పెంచుతామని, మా రసాయనం వేశాక ఒక పసుపు రంగు కలుపుతామని చెప్పాను. కణాలు బతికుంటే గుంట ఊదాగా మారుతుంది, చస్తే పసుపుగానే ఉండిపోతుంది. పదిహేడోది వేసిన గుంటలన్నీ పసుపే.

పిన్ని అడిగింది, "మరి మంచి కణాల మీద ఏసి సూసారేటి?"

"ఇంకా లేదు."

"సూడండి. నా జుట్టు ఏటి తప్పు సేసిందని ఊడిపోయింది?"

నిజానికి ఆ పరీక్ష తర్వాత చేద్దాం, ముందు పరిశోధన పత్రికకి పేపరు పంపుదాం అని నేనూ మా గైడు సారూ అంతకుముందే అనుకున్నాం. మర్నాడు సారుకి పిన్ని మాట చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆవిడ సరిగానే అడిగింది. పేపరు ఆగనీ" అని బెంగాలీలో అన్నారు.

ఆరోగ్యమైన కణాల పళ్లెంలోనూ గుంటలన్నీ పసుపుగానే మిగిలాయి. మంచీ చెడూ రెండూ చచ్చిపోయాయి. బాధ కన్నా, ఈ అణువులో ఏ ముక్క ఈ పని చేస్తోందన్న ఆలోచనే నన్ను ఎక్కువ పట్టుకుంది. ఒక చివర క్లోరిన్ తీసేసి, ఆక్సిజన్ ఉన్న చిన్న ముక్క తగిలించి చూశాను. అది కుదరకపోతే ఇంకో చోట తగిలించాను. ఇరవయ్యారో సమ్మేళనానికి మంచి కణాల గుంటలు ఊదాగా తిరిగాయి. క్యాన్సర్ గుంటలు చాలావరకు పసుపుగానే ఉన్నాయి. సారుని పిలిచి ఆ పళ్లేన్ని మూడుసార్లు చూపించాను.

ఇంటికొచ్చి చెబితే పిన్ని, "అయితే నాకేస్తారేటి?" అంది.

"లేదు పిన్నీ. ముందు ఎలకలకి."

ఎలకల్లో అది నిలవలేదు. కణితి దాకా చేరేలోపే కాలేయం దాన్ని విరగ్గొట్టేసింది. ఇరవయ్యారోది నా థీసిస్‌లో ఒక అధ్యాయంగా మిగిలింది, మందు కాలేదు. పిన్ని మాత్రం పాత ఇంజెక్షన్లతోనే తేరుకుని టికియాపారా వెళ్లిపోయింది. కాలేయం సరిగ్గా ఏ ముక్కను విరిచిందో తేల్చే పని నా తర్వాత ల్యాబులో చేరిన అమ్మాయి తీసుకుంది. నేను ఉద్యోగంలో చేరాక కూడా సెలవు దొరికితే వెళ్లి, ఆమె నోటుబుక్కు తిరగేసేదాన్ని.