ముక్కు చెప్పని ఉన్ని

రజాయిలు కుట్టే ఆమెను ఆ వీధిలో అందరూ ముక్కు పెద్దమ్మ అనేవారు. ముక్కు పెద్దదేం కాదు, అది చేసే పనే పెద్దది. ఉన్ని బస్తా విప్పగానే పైనుంచి ఒక పోచ తీసి, అగ్గిపుల్లతో అంటించి వాసన చూసేది. కాగితం కాలినట్టుంటే పత్తి. వెంట్రుక కాలిన కంపు కొడితే ఉన్ని. ప్లాస్టిక్ ఘాటు తగిలిందా, బస్తా వచ్చిన దారినే వెనక్కి పోవాల్సిందే. అంతటితో వదిలేది కాదు. ఉన్నిని చేత్తో విడదీస్తూ ప్రతి పిడికెడునూ ముక్కు దగ్గరికి తెచ్చుకునేది. ఎంత కడిగినా గొర్రె ఒంటి జిడ్డు వాసన ఉన్నిని పూర్తిగా వదలదు. ఆ వాసన లేని పిడికెడు పక్కకు పడేది.

పక్కన కూర్చుని అంచులు కుట్టే చెల్లెలు, మా అక్క పెళ్లిచూపుల్లో కూడా ముందు వాసనే చూసి ఉంటుందని వచ్చినవాళ్లతో అనేది.

"చూశానే. కాస్త పడిశంగా ఉండింది, ఆ రోజు" అనేది పెద్దమ్మ, సూది మీంచి కళ్లెత్తకుండా.

ఆ చలికాలం మొదట్లో ఆమెకు జ్వరం తగిలింది. నాలుగు రోజులకు తగ్గింది గాని పోతూ పోతూ వాసనను పట్టుకుపోయింది. కాఫీ వేడిగా ఉంది, అంతే. సబ్బు నున్నగా ఉంది, అంతే. ఇవాళో రేపో తిరిగొస్తుందిలే అనుకుని చెల్లెలికి కూడా చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా జనం తన గుమ్మం ఎక్కుతున్నది కుట్టు చూసి కాదని ఆమెకు తెలుసు. కుట్టు చెల్లెలిదే బాగుంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరమ్మ వచ్చింది. వాళ్లమ్మకు పక్షవాతం. కుడివైపు కదలదు. ఎముకల్లో చలి అంటుందని మంచాన్ని ఇనప పొయ్యి పక్కకే జరిపారట. బజారులో అద్దాల కొట్లో ఒక దుప్పటి చూశానని, దూదిపింజలా తేలిగ్గా ఉందని, తీసుకోవచ్చా అని అడిగింది. పెద్దమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి తీరిగ్గా చెప్పింది. అది ప్లాస్టిక్ దారం. లోపల చెమట పట్టి, ఆ చెమటే చల్లబడుతుంది. పత్తి మెత్తగానే ఉంటుంది గాని నిప్పురవ్వ పడితే లోలోపలే రాజుకుంటుంది. లేచి దులుపుకోలేని మనిషికి ఉన్నే మేలు. ఒంటి తడి పీల్చుకున్నా వెచ్చదనం పోదు.

"రవ్వ దీని మీద పడితేనో?" అంది టీచరమ్మ.

"పడ్డచోటే నల్లబడి చస్తుంది. ఆ ప్లాస్టిక్‌వి అలా కాదు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. నా మాట మీద నువ్వు నిద్రపో తల్లీ."

రజాయి కుట్టి ఇచ్చి మూడు రోజులైంది.

ఆ మధ్యాహ్నం చెల్లెలు దిళ్లు ఇచ్చి రావడానికి వెళ్లింది. పెద్దమ్మ గది ఊడ్చి, బస్తా అడుగున మిగిలిన ఉన్ని తుక్కును ఎప్పటిలాగే పొయ్యిలో పడేసింది. ఉన్ని ముడుచుకుని బుసబుసమని నల్లబడాలి. ఇది కుంచించుకుపోయి బొట్లుబొట్లుగా కారింది. పట్టకారుతో కదిపితే లక్కలా సాగి ఇనుముకు అంటుకుంది.

ఆమె పట్టకారు కింద పెట్టి ఖాళీ బస్తా వైపు చూసింది.

బస్తా పైన ఉన్నది ఉన్నే. ఆ రోజు పోచ కాల్చింది, చెల్లెలు చూస్తోందని ముక్కు దగ్గరికి తెచ్చి తల కూడా ఊపింది. అమ్మినవాళ్లు కింద ప్లాస్టిక్ కలిపేశారు. విడదీస్తున్నప్పుడు చేతికి ఒకటి రెండుసార్లు జారుడుగా తగిలిందన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. చేతికి అనుమానం వచ్చింది. ముక్కు ఏమీ అనలేదు. ఇన్నేళ్లూ ముక్కు తేడా ఉందని అనలేదంటే సరుకు మంచిదనే అర్థం. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

శాలువా కప్పుకోవడం కూడా మరిచి, జేబులో కత్తెర, అగ్గిపెట్టె వేసుకుని బయటపడింది. టీచరమ్మ ఇల్లు నాలుగు వీధుల అవతల. మంచుకు రోడ్డు జారుతోంది. పరిగెత్తితే పడుతుంది, నడిస్తే ఆలస్యమవుతుంది. ఎడమచెయ్యి మాత్రమే కదిలే మనిషి ఒంటి మీద రవ్వ పడితే ఎలా ఉంటుందో అనుకోకూడదనుకుంటూనే ప్రతి మలుపులో అదే అనుకుంది. ఎక్కడో ఇళ్ల కప్పుల మీంచి పొగ లేస్తోంది. అది పొయ్యి పొగో, కాలుతున్న ఇంటి పొగో చెప్పడానికి ఇదివరకైతే ఒక్కసారి గాలి పీలిస్తే చాలు. ఇప్పుడు ఊరంతా ఒకేలా ఉంది.

తలుపు టీచరమ్మ భర్త తీశాడు. పెద్దమ్మ అతణ్ణి తోసుకున్నట్టే లోపలికి వెళ్లింది. ముసలావిడ గడ్డం దాకా రజాయి కప్పుకుని నిద్రపోతోంది. మంచానికి మూరెడు దూరంలో పొయ్యి. కట్టె ఒకటి చిటపటమంది. పెద్దమ్మ ఒక్క ఉదుటున రజాయి లాగేసింది.

ముసలావిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచి అస్పష్టంగా ఏదో అంది. లోపలి గదిలోంచి టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఏమైంది పెద్దమ్మా అని అడిగింది. పెద్దమ్మ నేల మీద కూర్చుని కుట్టు విప్పి మూడు చోట్ల నుంచి మూడు పోచలు లాగింది. మొదటిది అంటించింది. నల్లటి పూస మిగిలింది. వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది, ఉన్నే. రెండోది అంటించింది. అంత సన్నటి పోచ కరిగిందో, నలిగిందో తెలియలేదు. ముప్ఫై ఏళ్లు సూది పొడుచుకుని మొద్దుబారిన వేలి కొసలవి. పోచ ముక్కుకు ఆనించింది. ఏమీ లేదు.

భార్యాభర్తలిద్దరూ తననే చూస్తున్నారు. ఇప్పుడు తల ఊపి, కుట్టు వేసి, దారపు ముడి చూసిపోదామని వచ్చానని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన సంగతే ఆమెను రవ్వ కన్నా ఎక్కువ భయపెట్టింది.

"అమ్మాయ్, నువ్వు వాసన చూడు" అంది. "నాకు తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ ఏ వాసనా తెలియడం లేదు."

టీచరమ్మ వంగి పోచ అందుకుంది.

"ప్లాస్టిక్ సంచి కాలినట్టుంది."

మూడోది కూడా అంతే.

భర్త బీరువాలోంచి రెండు పాత కంబళ్లు తెచ్చి అత్తగారికి కప్పాడు, మంచం కాలు పట్టి పొయ్యికి దూరంగా ఈడ్చాడు. ముసలావిడ ఎడమచేత్తో కంబళి అంచు పట్టుకుని పెద్దమ్మ వైపే చూస్తోంది.

"మా అమ్మ మూడు రాత్రులు దీని కింద పడుకుంది" అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. "మీ మాట మీద నేనూ నిద్రపోయాను."

పెద్దమ్మ తిట్లకు సిద్ధపడి వచ్చింది గాని ఈ మాటకు సిద్ధపడలేదు. తల వంచుకుని విప్పిన కుట్టు మీద చెయ్యి పెట్టుకు కూర్చుంది.

ఆ బస్తాలోంచి ఇంకా ఎన్ని వెళ్లాయని టీచరమ్మే అడిగింది. మూడు, అంది పెద్దమ్మ. ఒకటి బేకరీలో పనిచేసే అతని ఇంటికి. ఏడాది పిల్ల కోసం. మిగతా రెండూ రైలు పట్టాల అవతలికి. ఇప్పుడే పోయి తెచ్చేస్తానంది. అసలు అన్నిట్లోనూ కల్తీ పడిందో లేదో ఎలా తెలుసుకుంటారని టీచరమ్మ అడిగింది.

టీచరమ్మ కోటు వేసుకుంది. భర్తతో అమ్మను చూసుకోమని చెప్పి, ఇంకో శాలువా తీసి పెద్దమ్మ ఒళ్లో పడేసింది. ఆ పడేయడంలో కోపం ఇంకా ఉంది.

"లేవండి. ఇళ్లు మీకు తెలుసు, వాసన నాకు తెలుసు."

ఇద్దరూ గబగబా నడిచారు. పొద్దు వాలుతోంది, చలి పెరుగుతోంది. ఏ ఇంట్లో చూసినా ఈపాటికి పొయ్యిలో కట్టెలు పేర్చుతూ ఉంటారు. బేకరీ అతని గుమ్మంలో పెద్దమ్మ తలుపు తట్టింది. లోపల పిల్ల ఏడుస్తోంది. అది ఆకలి ఏడుపో, ఇంకేదో ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ తట్టింది, ఈసారి అరచేత్తో. టీచరమ్మ ముందుకు వంగి తలుపు సందులోంచి గాలి పీల్చింది.

"కాలుతున్న వాసనేం లేదు" అంది మెల్లగా. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. చంకలో పిల్లతో ఆ ఇంటి ఇల్లాలు, రండి పెద్దమ్మా అంటూ నవ్వింది. లోపలికి అడుగు పెట్టకముందే, పలకరింపు పూర్తి కాకముందే, తనకు వాసన తెలియడం లేదని, ఆ రజాయిలో ప్లాస్టిక్ కలిసి ఉండొచ్చని పెద్దమ్మ చెప్పేసింది.