రఫ్ఫక్క అనుమానం

ఆ వీధిలో ఆమెను అందరూ రఫ్ఫక్క అనేవారు. చిరిగిన కోట్లకూ శాలువలకూ పోగులో పోగు కలిపి రఫ్ఫు కుట్టడం ఆమె వృత్తి. ఏ బట్ట చేతికిచ్చినా ముందుగా వెలుతురుకెత్తి, యజమాని కూడా ఎరుగని చిల్లి కోసం వెతికేది. మనుషులనూ అలాగే చూసేది.

ఆమె తమ్ముడు ముప్పై దాటినవాడు, మేధోవైకల్యంతో పుట్టాడు. నోట పలికేది ‘అక్కా’ అన్న మాట ఒక్కటే. దాహానికీ అక్కా, తలనొప్పికీ అక్కా, ఉరిమినా అక్కా. ప్రణవంలో సమస్తమూ ఇమిడినట్లు అతని లోకమంతా ఆ రెండక్షరాలలో ఇమిడేది. తల్లి పోయిన నాటినుండి ఆమె ఆ పిలుపు మీదే బతుకుతోంది.

అతడు పగటిపూట వెళ్ళే శిక్షణ కేంద్రంలో టీచరమ్మ ఒకామె, నోటితో మాట్లాడుతూనే ముఖ్యమైన మాటలకు చేతిసైగలు చేర్చి నేర్పసాగింది. రఫ్ఫక్క గుండెలో రాయి పడింది.

“చేతులకి పని దొరికితే నోరు మూతబడదూ?” అని నిలదీసింది.

“మూతబడదండీ. నోటితో అంటూనే కదా సైగ చేస్తాం. మీరూ ఇంట్లో చెయ్యండి.”

“ఉన్న ఒక్క మాటా పోతే మీరు తెచ్చిస్తారా?”

“పోదనే మా నమ్మకమండీ” అంది టీచరమ్మ. ఆ ‘నమ్మకం’ అన్న మాటను రఫ్ఫక్క కొంగున ముడివేసుకొని ఇంటికి తెచ్చుకుంది.

అనుకున్నంతా అయింది. దాహమైతే తమ్ముడు బొటనవేలు పెదవి దగ్గరకు ఎత్తేవాడు; నొప్పయితే కణత తట్టేవాడు. ‘అక్కా’ పలుచబడింది. ఆమె సూది ఆపి చెవి ఒగ్గేది.

పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే బాబాయి నవ్వేవాడు. “వాడికి అడగడం వచ్చింది, అడిగింది అందుతోంది. ఇంకెక్కడ చిల్లి వెతుకుతున్నావే తల్లీ?”

“నువ్వు నీ ముళ్ళు చూసుకో బాబాయ్. నా ఇంటి టైము నాకు తెలుసు.”

ఒకనాడు పొద్దుటినుండీ ‘అక్కా’ అన్న మాట వినబడనే లేదు. ఇక కేంద్రానికి పంపకూడదని ఆమె నిశ్చయించుకుంది. సాయంత్రం కోటు మోచేతి దగ్గర పోగు కలుపుతూ ఉండగా, తమ్ముడు “అక్కా” అన్నాడు.

నీళ్ళిచ్చింది, పక్కకు జరిపాడు. నుదుటిమీద చెయ్యి వేసింది; చల్లగానే ఉంది. పళ్ళెం తెచ్చింది, వద్దని అరచెయ్యి తిప్పాడు.

“మరేం కావాల్రా? చేత్తో చెప్పు” అంది. ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

అతడు చేతులు రెండూ ఒళ్ళో ఊరికే పెట్టుకొని, ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ “అక్కా” అన్నాడు.

ఆమె ఆ పిలుపును వెలుతురుకెత్తినట్లుగా చాలాసేపు పరిశీలించింది. దాహం లేదు, నొప్పి లేదు, భయమూ లేదు. అందులో తాను తప్ప మరేమీ కనబడలేదు.

మర్నాడు తమ్ముణ్ణి తానే కేంద్రానికి తీసుకువెళ్ళింది.

“తమ్ముడూ అనడానికి చెయ్యి ఎలా పెట్టాలి?” అని టీచరమ్మను అడిగింది. “సరిగ్గా చూపించండి. నేను ఇంకొకళ్ళనీ అడిగి చూసుకుంటాను.”