దావీదు తాత చెప్పిన మాటల పుట్టిళ్ళు

మొన్న హార్బరు దగ్గర ఎండు నెత్తళ్ళు కొంటే, అమ్మే పిల్ల వాటిని ఇంగ్లీషు పేపరులో చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి పొట్లం విప్పాను. ఉప్పు తేమకు మెత్తబడిన సిరా వాసన, ఎండుచేప కవురూ కలిసి గుప్పుమన్నాయి. ఆ వాసనకు నా చేతులు వాటంతటవే కాగితాన్ని మోకాలి మీద పరిచి మడతలు సాపు చేశాయి. చేపల సంగతి మరిచిపోయి పైనున్న పెద్దక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంటూ కూర్చున్నాను. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడింది.

నా చిన్నప్పుడు జువ్వలదిన్నెలో హార్బరు లేదు. ఇసుక మీద వరసగా ఆరబెట్టిన తెప్పలు, వాటి సందుల్లో ఎండ్రకాయల బొరియలు, గాలి తిరిగినప్పుడల్లా ఊరంతా కమ్ముకునే చేపల వాసన, ఊరి మొదట్లో బస్సు ఆగేచోట దావీదు తాత టీ కొట్టు, ఇదీ మా లోకం. తాత మాకు చుట్టం కాదు. మేము గంగమ్మకు పొంగళ్ళు పెట్టే చేపలవాళ్ళం, ఆయన ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బోగోలు చర్చికి పోయే మనిషి. అయినా క్రిస్మస్‌కు వాళ్ళింట్లో వండిన కజ్జికాయలు మా ఇంటికి రాకుండా ఉండేవి కావు, మా గంగమ్మ జాతరకు వాళ్ళ మనవరాలు మార్త నా పరికిణీ కట్టుకుని తిరగకుండా ఉండేది కాదు. తల్లి లేని పిల్ల మార్త, నాకంటే కాస్త చిన్నది, నన్ను అక్కా అనేది.

వయసులో ఉన్నప్పుడు తాత కావలిలో దొరల బంగళాలో వంట చేశాడట. పులుసులతోపాటు ఇంగ్లీషూ అక్కడే ఒంటబట్టింది. రొయ్యలు కొనడానికి వచ్చే ఏజెంటు టీ తాగి వదిలేసి పోయిన పేపరు మధ్యాహ్నానికి తాత చేతికి వచ్చేది. చూపు ఆనక పెద్దక్షరాలు మాత్రమే చదివేవాడు. మార్తనూ నన్నూ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, బొగ్గుముక్కతో ఒక మాట చుట్టూ గీత గీసి, "దీని పుట్టిల్లు యాడో చెప్పండిమే" అనేవాడు. ఆయన లెక్కలో ప్రతి మాటా ఎక్కడో ఒక ఇంట పుట్టి ఇంకో ఇంటికి కోడలిగా పోయిందే. కాటమరాన్ అంటే తీరం మీద దుంగలు కట్లు కట్టి చేసే అరవ తెప్ప కట్టుమరమే, దొరలింటికి పోయి యాస మార్చుకుందట. బాండికూట్ మన పందికొక్కట. తుఫాను రోజుల్లో పేపరంతా నిండిపోయే సైక్లోను మాత్రం గ్రీకుల పిల్లట, పాము చుట్టలు చుట్టుకున్నట్టు తిరుగుతుందని ఆ పేరు పెట్టారట. ఎలక్షన్లప్పుడు క్యాండిడేటు అనే మాటకు గీత గీసి, "తెల్లగుడ్డ కట్టుకున్నోడని అర్థం. మరకలు బాగా కనపడాలని పెట్టినారేమో" అన్నాడు. టీ తాగుతున్న వాళ్ళు పొలమారి దగ్గారు.

నేర్చుకున్న మాటలను మేమిద్దరం సాయంత్రం తడి ఇసుకలో పుల్లతో రాసేవాళ్ళం. అల వచ్చి చెరిపేలోపు పుట్టిల్లు చెప్పాలి, చెప్పలేకపోతే ఓడినట్టు. ఎక్కువగా నేనే గెలిచేదాన్ని. మార్త అల వైపు చూస్తూ మాట మరిచిపోయేది.

మా ఊరి బడి అయిదో తరగతితో సరి. నేను అది ముగించిన ఏడు వేసవిలో తాత కొట్లో అందరి ముందూ మా నాన్నతో, నెల్లూరులో ఆడపిల్లల హాస్టలు బడి ఉందని, ఇంగ్లీషు మాటలు అడిగి చేర్చుకుంటారని, తన మాట మీద ఒక పిల్లను తీసుకుంటారని చెప్పాడు. "మీ కాంతను నేనే తీసుకపోయి చేర్పిస్తా. పెద్దక్షరాలు నేను నేర్పినా. కింద ఉండే చిన్నక్షరాలు ఆడ నేర్పుతారు" అన్నాడు.

నాన్న చేతిలో వేస్తున్న వల ముడి బిగించి, "నీ మాట మీద పంపిస్తా దావీదన్నా" అన్నాడు.

పోయే రోజు అమ్మ నా తలకు నూనె పెట్టి రెండు జడలు వేసింది. దారిలోకి వంజరం వేపుడు, చద్దన్నం మూట కట్టింది. నాన్న అప్పటికే తెప్ప మీద సముద్రంలో ఉన్నాడు. మా వాళ్ళలో ఒక కట్టడి ఉంది. మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా కుంకుమ పెట్టి సాగనంపిన మనిషి, తెప్పలు తిరిగొచ్చే దాకా మళ్ళీ గడప తొక్కకూడదు. తొక్కితే సముద్రం పగబడుతుంది. అమ్మ కుంకుమ పెట్టి నన్ను గడప దాటించింది.

బస్సు దగ్గర కొట్టు మూసి ఉంది. తాత లోపల తయారవుతున్నాడనుకుని నిలబడ్డాను. పూలమ్మే రవణమ్మ గంప దించుకుంటూ, "ఏందిమే కాంతా, ఇంత సింగారం?" అంది.

"దావీదు తాతతో నెల్లూరు పోతన్నా అత్తా."

"తాత తొలి బస్సుకే పోయినాడే. మార్తను ఎంటబెట్టుకోని."

తాత మరిచిపోయి ఉంటాడని, మార్తను ఎక్కడో దించి నాకోసం తిరిగొస్తాడని రెండో బస్సు దాకా నిలబడ్డాను. ఆ బస్సులో నుంచి ఎవరూ దిగలేదు. ఇంటికి పోవడానికి లేదు. ఒడ్డున చిరిగిన వలల కుప్ప నీడలో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళంతా చూశారు. ఒకామె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆకలేసినా వేపుడు ముట్టబుద్ధి కాలేదు, కాకులకు వేశాను. తెప్పలు వచ్చాక నాన్న నా జడలనూ మూటనూ చూసి, వల భుజాన వేసుకుని, "రా" అని ముందు నడిచాడు. ఆయన తాతను పల్లెత్తు మాట అనలేదు. ఆ కొట్లో టీ తాగడం మాత్రం ఆ పొద్దుతో మానేశాడు.

మర్నాడు తాత ఎప్పటిలాగే పిలిచాడు. "రా కాంతా, ఈ పొద్దు పేపర్లో మంచి మాటొకటి ఉండాది."

"నన్నెందుకు తీసకపోలా తాతా?"

ఆయన గ్లాసులు కడుగుతూ, "సీటు ఒకటేనమ్మా. నువ్వు యాడున్నా నేర్చుకుంటావు. దానికి బడి లేకపోతే రాదు" అన్నాడు.

"మరి నాకెందుకు మాటిచ్చినావు?"

ఆయన టీ ఎత్తి పోసి, పక్కన కూర్చున్న మనిషికి అందించాడు.

తెలివి ఉన్నందుకే నన్ను వదిలేశాడని తెలిసిన రోజు అది. తెలివిలేని దానినైతే తీసుకుపోయేవాడేమో అని ఎన్నో రాత్రులు అనుకున్నాను. ఆ పైవారమే అమ్మ నన్ను చేపలు ఎండేసే పనిలో పెట్టింది. చిన్నక్షరాలు నాకు ఈ రోజుకీ రావు. పేపరు పట్టుకుంటే ఏం జరిగిందో పైన తెలుస్తుంది, ఎందుకు జరిగిందో కింద ఉంటుంది, అక్కడికి నేను పోలేను.

ఇప్పుడు తెప్పలు లేవు, అన్నీ ఫైబరు బోట్లు. కొట్టు ఉన్నచోట తారురోడ్డు. కుంకుమ పెట్టి పంపే అమ్మలూ లేరు, ఆ కట్టడి చెబితే మా మనవలు నవ్వుతారు. తాత పోయి చాలా కాలమైంది. నెల్లూరులో టీచరు పని చేసి రిటైరైన మార్త, పోయిన క్రిస్మస్‌కు ఆయన సమాధికి సున్నం వేయించడానికి వచ్చి మా ఇంట్లో కూర్చుంది. తెల్లజుట్టు, మంచి కళ్ళజోడు. కాసేపు వాళ్ళ పిల్లల సంగతులు చెప్పి, ఉన్నట్టుండి, "బడికి పోయే ముందురోజే నాకు తెలుసక్కా. నీకు చెప్పొద్దని తాత ఒట్టేయించుకున్నాడు" అంది.

ఆ ముందురోజు సాయంత్రం ఇద్దరం ఒడ్డునే ఉన్నాం. నెల్లూరు బడిలో అడుగుతారని నేను ఒక్కో మాటా, దాని పుట్టిల్లూ అప్పజెబుతుంటే, తనూ నా వెంట చెప్పింది. నాకు తోడుగా చెబుతోందనుకున్నాను. తను తప్పినచోటల్లా ఆగి, మళ్ళీ మళ్ళీ చెప్పించాను.

"టీ చల్లారిపోతాది, తాగు" అన్నాను. తాగింది. బస్సు దాకా పోయి ఎక్కించి వచ్చాను. ఇన్నేళ్ళూ కోపమంతా తాత ఒక్కడి పాలే అనుకుంటూ వచ్చాను. ఈ వయసులో దాన్ని చేపల గంపలాగా మళ్ళీ కిందికి దించి, తాతకొకటి, మార్తకొకటి, రెండు పాళ్ళు వెయ్యాల్సి వచ్చింది.