అద్దకంవాడి మెచ్చుకోలు

ఒక పిల్ల ఆరోగ్యాన్ని ఉత్త మెచ్చుకోళ్లతో పాడుచేయబోయిన మొనగాడిని మీరెక్కడైనా చూశారా? లేకపోతే ఇప్పుడు చూడండి, టికెట్ లేదు. కావలసినంత నవ్వుకోండి గానీ మా వాడకట్టులో ఎవరికీ చెప్పకండి. చెప్పినా దండగ, వాళ్లందరికీ తెలుసు.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. వరంగల్లులో జంపఖానాల నూలుకు రంగులద్దడం మా ఇంటి పని. ఆరో తరగతిలో నేను బడి మానేస్తే ఏ సారూ వచ్చి బతిమాలలేదు. ఆనాటి నుంచి నాకు తెలిసిన చదువంతా రంగులే. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలమే. నేను పెరుగన్నం కలుపుతుంటే దయ్యం భోజనానికి కూర్చున్నట్టుండేది.

మా అక్క కూతురు రాజికి ఎనిమిదేళ్లకే షుగర్ వచ్చింది. రోజూ పొద్దున్నే కంపౌండర్ వచ్చి సూది వేసేవాడు. దానికి ఏడ్చేది కాదు. పేచీ అంతా పరీక్ష దగ్గరే. ఆ రోజుల్లో ఆ పరీక్ష ఇంట్లోనే చేసుకోవాలి. గాజుగొట్టంలో నీలి మందు పోసి, పిల్ల మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలం నీలంగానే ఉంటే మంచిది. పచ్చబడితే కొంచెం షుగర్ ఉన్నట్టు. ఇటుకరంగుకు తిరిగిందా, కొంప మునిగినట్టే.

మూత్రం పట్టే గ్లాసు కనబడితే చాలు, రాజి మగ్గం కిందికి దూరేది.

"డాక్టర్ సాబ్ రోజు జూడుమన్నడు తమ్ముడూ," అని అక్క కళ్లు తుడుచుకుంది. "వచ్చే నెలకు రంగు మంచిగ లేకుంటే పిల్లను దవాఖాన్ల పెట్టుకుంటడట. ఇదేమో గ్లాసు జూస్తె ఉరుకుతాంది."

"రంగుల ముచ్చటేనా? ఫికర్ జెయ్యకక్కా. నాకిడిసెయ్!"

నేను మగ్గం ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశాను. "రాజీ, ఇయ్యాల మనిద్దరం కలిసి రంగు తీద్దాం. సరుకు నీది, పొయ్యి నాది."

పిల్ల కిసుక్కున నవ్వి బయటికొచ్చింది. గొట్టం కాచాను. నారింజ రంగు! మంచిది కాదని నాకు తెలుసు. కానీ పిల్ల నా మొహమే చూస్తోంది. దాన్ని భయపెట్టొద్దనుకున్నాను. పైగా మంచి రంగు కనబడితే అద్దకంవాడి నోరు ఆగుతుందా?

"అబ్బబ్బ, ఏం రంగే బిడ్డా! ఇసొంటిది మా తాత సుత తియ్యలే!"

మర్నాడు నేనింకా పళ్లపుల్ల నోట్లో పెట్టుకోకముందే రాజి గ్లాసుతో ప్రత్యక్షం. "మామా, సరుకు దెచ్చిన!"

ఆ రోజు నీలం మారలేదు. ఎగిరి గంతెయ్యాల్సిన కబురు. నేనేమన్నానో తెలుసా? "ప్చ్. రంగు పట్టలే." కాచిన సరుకు రంగు మారకపోతే మా పనిలో అది చావుకబురు మరి. నోరు జారింది.

ఆ మర్నాటి నుంచి ఎరుపు మొదలైంది. రోజురోజుకూ చిక్కబడుతోంది. నేను భయపడితే పిల్ల బెదురుతుంది కదా! అందుకని నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటే నేను అంత గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ ఎరుపుకు సరిపడా నూలు అద్ది దాని జడకు కూడా కట్టాను.

అక్క అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. ఎరుపు తగ్గలేదు. "సూదిల నీళ్లు గలుపుతాండు!" అని బావ కంపౌండర్ మీదికి పోయాడు. ఇవి చాలవన్నట్టు నా పాకలో ఇంకో తంటా. నీలిమందు పులియడానికి తొట్టిలో వేసే బెల్లం రోజూ మాయమవుతోంది. ఎలుకల బోను పెట్టాను. ఎలుక పడలేదు, నా కాలి బొటనవేలు పడింది.

కుంటుకుంటూనే అక్కతో, రాజితో డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. "ఇగ లాభం లేదమ్మా. పిల్లను చేర్చుకోవాల్సిందే."

రాజి బావురుమంది. "గింత మంచి రంగులు దెస్తే దవాఖాన్ల ఏస్తరా?"

"మంచి రంగులా? ఎవరు చెప్పిన్రు తల్లీ?"

రాజి వేలు నా వైపు తిరిగింది. "మా మామ! ఎర్రగొస్తే చప్పట్లు గొడ్తడు. నీలమొస్తే మొకం మాడ్చుకుంటడు. అందుకే రోజు మామ పాకల బెల్లం తిన్న. బెల్లమేస్తెనే నీలిమందుకు రంగొస్తదని మామనే జెప్పిండు!"

నిజమే, చెప్పాను. తొట్టి గురించి చెప్పాను మహాప్రభో, పిల్ల గురించి కాదు!

డాక్టర్ నా నీలి చేతుల వైపు చూశాడు. "ఎంత చదివినవ్?"

"ఆరు సార్."

"పిల్లే నయం. చెప్పింది చెప్పినట్టు ఇన్నది. మందు దానికి గాదు, నీకియ్యాలె. ఇయ్యాల్టి సంది నీలమొస్తే ఎగురు. ఎర్రగొస్తే నోరు మూసుకొని మీ అక్కకు జెప్పు. రెండు వారాలు జూస్త. తేడా వస్తే పిల్ల పక్క మంచం మీద నిన్ను సుత పండబెడ్త!"

ఇంటిదాకా అక్క గొడుగు నా వీపు మీదే ఉంది. ఆ రోజు వాన లేదు.

బెల్లం అటక ఎక్కింది. నీలం దిగొచ్చింది. నేను ఎగిరాను. రోజూ నీలమే, రోజూ ఎగరడమే. రెండు వారాలకు డాక్టర్ రాజి బుగ్గ గిల్లి ఇంటికి పంపేశాడు.

ఆ సంబరం చల్లారకముందే పరకాల నుంచి ఆడపిల్లవాళ్లు పెళ్లిచూపులకని నన్ను చూడ్డానికి వచ్చారు. చెప్పిన వేళకంటే ముందే వచ్చారు. వాకిట్లో కాలు పెట్టేసరికి నేను గాజుగొట్టం నెత్తిమీదికి ఎత్తి చిందులు తొక్కుతున్నాను.

పెళ్లికూతురి తండ్రి ముచ్చటపడ్డాడు. "గంత సంబురమేంది బాబూ? ఏమున్నది గా గొట్టంల?"

నేను మాటలు వెతుక్కునేలోపు రాజి ఛాతీ విరుచుకుని చెప్పింది: "నా ఉచ్చ!"

అక్క లోపల్నుంచి గ్లాసుల్లో మంచినీళ్లు తెచ్చింది. వాళ్లు గ్లాసుల వైపు చూశారు. నా వైపు చూశారు. దండం పెట్టి లేచారు.

ఆ సాయంత్రమే నీలి తొట్టి మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఏ గాజుగొట్టంలోనూ ఎర్రరంగును మెచ్చను. పిల్లలు వినేటట్టు "ప్చ్" అనను. మరి ఎగరడమంటారా? అది డాక్టర్ ఇచ్చిన మందు, మధ్యలో మానకూడదు. ఎగిరాను. కాకపోతే ఆనాటి నుంచి తలుపుకు గడియ పెట్టుకుని ఎగిరాను.