నా అబద్ధానికి నేను నవ్వని రోజు

మా తోట రసం మామిడి తిన్నవాడి మీసాలను ఏడాదంతా చీమలు వదల్లేదని ఆగిరిపల్లి టీ కొట్టులో ఒట్టేసి చెప్పే మనిషిని నేను. ఆ ఏడు మామిడి పూత వేళ, "ఒకటి వదులు బాబాయ్" అని ఎవరో అడిగితే ఒక్క కోత కూడా తట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నవాణ్ణి మూడు వారాలు తోటవైపు పోలేదు. చచ్చిపోతే బాగుండుననిపించేది. ఇది మాత్రం అబద్ధం కాదు.

నా భార్య రాజ్యం బెజవాడ తీసుకెళ్లింది. రక్త పరీక్ష, ఈసీజీ అయ్యాక డాక్టరు గారు డిప్రెషన్ అని ఇమిప్రమిన్ రాశారు. నోరెండుతుందన్నారు, కళ్లు తిరగకుండా మెల్లగా లేవమన్నారు. "మూత్రం ఆగినా, గుండె దడ వచ్చినా, నిద్ర లేకుండానే హుషారు పొంగినా ఆ రోజే రండి." రాజ్యం అప్పుడు మందుల కొట్టు దగ్గరుంది. ఆవిడకు మొదటి రెండే చెప్పాను. హుషారు కూడా ఒక జబ్బేనా అనుకున్నాను.

నెలకు దిగులు విడిపోయింది. తర్వాత రెండు గంటల నిద్ర చాలేది. ఒక కథ ముగియకుండానే మరొకటి ఎత్తుకునేవాణ్ణి. మన మనిషి మనకు దక్కాడని ఊరు సంబరపడింది.

ఒక ఉదయం, టెంకైనా ముదరని కాయలన్నీ దించేయమన్నాను. నా చెయ్యి తగిలితే బుట్టలోనే పండుతాయన్నాను. కూలీలు పరాచికమనుకుని నవ్వారు. నేనే కాయలు కోసే చిక్కం కర్ర అందుకుని రెండు చెట్లు దులిపేశాను. రాజ్యం వచ్చి కర్ర పట్టుకుంది.

"వెంకన్నా, ఆయన మొహం చూడు. అబద్ధమాడితే ముందు తనే నవ్వుతారు. ఇవాళ నవ్వట్లేదు."

మేస్త్రి వెంకన్న నవ్వు ఆగిపోయింది. "అయ్యగారు నిజమనే నమ్ముతున్నారమ్మా."

బెజవాడ దాకా రాజ్యాన్ని తిడుతూనే ఉన్నాను. "ఇది ఈయన హుషారు కాదమ్మా, మందు వల్ల వచ్చిన మేనియా" అన్నారు డాక్టరు గారు. ఆ మాత్ర ఆపించి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి లిథియం మొదలుపెట్టారు. దానికి చేతులు వణికేవి. దిగులు మళ్లీ ఒకసారి తొంగిచూసి పోయింది.

ఇప్పుడు రెండు నెలలకోసారి లిథియం పరీక్షకు రక్తమిచ్చి వస్తాను. తోటా చూసుకుంటున్నాను, కథలో చీమలనూ పెంచుతున్నాను. నా మాటగా ఒకటి వినండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు చెప్పిన గుర్తులన్నీ, సుఖంగా అనిపించేవి కూడా, ఇంట్లో మీతో పోట్లాడగలిగే మనిషికి చెప్పి ఉంచండి. నేను రాజ్యానికి అన్నీ చెప్తున్నాను. నమ్మే ముందు ఆవిడ నా మొహం ఒకసారి చూస్తుంది.