మావాళ్ళు తిన్నారా అండి?

మా గోదావరి వైపు ఎవరు కనిపించినా ముందు భోంచేశారా అని అడుగుతారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

నరసాపురం నుంచి వచ్చే, లేసులు అల్లే పిన్నిగారు రాజమండ్రిలో మా ల్యాబులో అడుగుపెడుతూనే, "మావాళ్ళు తిన్నారా అండి?" అనేవారు. ఆవిడకు పిల్లల్లేరు. మావాళ్ళంటే ఆవిడ కణాలు. ఆపరేషన్లో తీసిన క్యాన్సరు గడ్డలోంచి కొన్నిటిని పరిశోధన కోసం సీసాల్లో పెంచుతున్నాం. వాటికి ఆహారంగా గులాబిరంగు ద్రవం పోసే పని నాది. "తిన్నారు పిన్నిగారూ" అన్నాకే ఆవిడ కుర్చీలో కూర్చునేవారు.

పరిశోధనలో రోగుల మాట కూడా వినాలని పెద్ద డాక్టరుగారు ఒకసారి మీటింగు పెట్టారు. పిన్నిగారు లేచి, "నేను పోయాక మావాళ్ళని ఏం చేస్తారండి? ఉంచేట్టయితే మా ఆయనకో మాట చెప్పండి" అన్నారు.

"ఇప్పుడా మాటలెందుకమ్మా!" అని డాక్టరుగారు నవ్వేశారు. టీలు అందిస్తూ నేనూ నవ్వాను. ఆవిడ నావైపే చూశారు.

వర్షాల్లో ఆవిడ పోయారు. పెద్దకర్మ నాడు తెల్లవారుతూనే సీసాల్లో ద్రవం మార్చి నరసాపురం బస్సెక్కాను. గట్టున పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. తడిబట్టలతో నిలబడ్డ బాబాయిగారు, "మీ తమ్ముడితో మాట్లాడతానే, ఇల్లు అమ్మనే" అని ఒక్కొక్కటే మాటిచ్చారు. అయినా కాకి రాలేదు.

ఆయన నావైపు తిరిగారు. "ఏం కోరిక మిగిలిపోయిందో! మీతో ఏమైనా అనేదా అండి?"

"ఏమీ లేదండి" అన్నాను.

పొద్దున నేను పెట్టింది తిని, ఆవిడ మా సీసాల్లో ఇంకా పెరుగుతూనే ఉన్నారు.